పెన్సిల్ ప్రింట్

మా బాబాయి రిటైరై, జంషెడ్‌పూర్ కదమాలో క్వార్టరు ఖాళీ చేసి శ్రీకాకుళం వచ్చేస్తున్నప్పుడు ఆయన పాత ఆల్టోని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ తీసుకోవాల్సి వచ్చింది. తోడు వెళ్లాను. మనం ఆర్టీవో ఆఫీసు అనేదాన్ని అక్కడ డీటీవో ఆఫీసంటారు. కాగితాలు నింపిపెట్టే తెలుగు కుర్రాడొకడు దొరికాడు. తాతల నాడు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. సిక్కోలు యాసలోకి హిందీ కలుపుతూ మాట్లాడతాడు.

"బానెట్ ఓసారి తియ్యండి బాబూ" అన్నాడు.

ఇంజన్ వెనక ఇనప గోడ మీద ఏళ్ల మడ్డి. కిరసనాయిలు గుడ్డతో రుద్ది, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తాడు. అప్పుడు బయటపడింది ఛాసిస్ నంబరు. దాని మీద పల్చటి కాగితం పరిచి, రెండు కొసలా టేపు వేసి, పెన్సిల్‌ని పడుకోబెట్టి పట్టాడు. మొనతో గీస్తే కాగితం చిరుగుతుంది, గట్టిగా ఒత్తితే కాగితం గుంటల్లోకి దిగి అక్కడా నలుపు అంటుకుంటుంది. అందుకే సీసం పక్కభాగంతో, తేలిగ్గా, ఒకే వైపుకి. అచ్చు గుద్దినచోట ఇనుము లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ పెన్సిల్ ఆనదు. నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి.

ఆ వరస కూడా ఆషామాషీగా పేర్చింది కాదు. మొత్తం పదిహేడు స్థానాలు. ఇంగ్లిషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ మూడింటికీ అందులో చోటు లేదు. ఒకటితోనో సున్నాతోనో కలిసిపోతాయని ముందే తీసేశారు. మొదటి మూడూ తయారీదారు గుర్తు: ఎంఏ3 అంటే మారుతి, ఎంఏటీ అంటే టాటా మోటార్స్. 1945లో టెల్కోగా మొదలైన ఆ కంపెనీ ఊళ్లో మా బాబాయి మారుతి కొన్నాడేమిటని ఇంట్లో ఇప్పటికీ వేళాకోళమే.

బండి నంబరు మాత్రం అంత గట్టిది కాదు. 2000లో జార్ఖండ్ విడిపోయాక అక్కడి ప్లేట్ల మీద బీఆర్ పోయి జేహెచ్ వచ్చింది; జంషెడ్‌పూర్‌ది జేహెచ్ 05. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలన్నది 1988 మోటారు వాహనాల చట్టం, కాబట్టి ఇదీ రేపు ఏపీ నంబరు అవుతుంది. యజమాని మారొచ్చు, చిరునామా మారొచ్చు. ఇనుములో గుద్దిన ఆ పదిహేడూ కదలవు. కాగితం మీద చేత్తో రాస్తే మూడు ఎనిమిదవుతుంది. ముద్రలో ఆ చేతి తప్పుకి తావు లేదు.

చట్టంలోనూ నాకు నచ్చిన పనితనం ఒకటుంది. రాష్ట్రంలోపలే బండి అమ్మితే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో చెప్పాలి, కొన్నవాడికి ముప్పై రోజులు. అమ్మినవాడి మాటకి ఫారం 29, పేరు మార్పుకి ఫారం 30. ముందు అమ్మినవాణ్ణే తొందరపెట్టారు, అతని మేలుకే. 2007లో అమ్మేసిన కారు చేతులు మారి మారి 2009లో ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. పరిహారం భారం మొదట అమ్మినాయన మీదే పడింది. తాళాలిచ్చి డబ్బు లెక్కపెట్టుకుంటే అమ్మకం అయిపోయిందనుకునేవాళ్లు మన చుట్టాల్లోనే ఎందరో.

కుర్రాడు కాగితం వెలుతురుకి పెట్టి చూశాడు. చివర్లో ఓ అంకె జంటగా పడింది. రుద్దేటప్పుడు కాగితం ఇసుమంత కదిలినట్టుంది. నా కంటికైతే బాగానే ఉంది.

"పర్వాలేదులే నాయనా" అన్నాడు బాబాయి.

"వద్దు బాబూ, ఇంకోటి తీస్తాను" అని దాన్ని నలిపి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ గుడ్డ, మళ్లీ కాగితం. ఈసారి టేపు నాలుగు వైపులా వేశాడు. తీసిన ముద్రని కొలిచినట్టు కత్తిరించి, ఎన్‌ఓసీ అర్జీ అయిన ఫారం 28 మీద అతికించి, సీసం పొడి చెదరకుండా పైన పారదర్శక టేపు పరిచాడు. బుడగ లేదు.

"ఆర్సీ పట్టుకోండి" అని బాబాయి చేతికిచ్చి, ముద్ర మీద వేలు ఆనించకుండా గాల్లో నడిపిస్తూ చదివాడు. అక్షరాలు ఇంగ్లిషులో, అంకెలు హిందీలో. బాబాయి ఆర్సీ చూస్తూ ఒక్కొక్క అంకే తెలుగులో తిరిగి చెప్పాడు.