వస్తువుకు మాట నేర్పినవాళ్లు

అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయి లాగ్ తెరిస్తే, జావా తన అలవాటు కొద్దీ ప్రోగ్రాములోని వస్తువుకు క్లాసు పేరు, అట్ గుర్తు, హెక్సాలో హ్యాష్‌కోడు చూపిస్తుంది: "ఆర్డర్@1బి6డి35". ఎవరి ఆర్డరో, ఎంతకో తెలీదు. అదే ఎవరో ఓపిగ్గా, ఆ వస్తువు తన గురించి ఏం చెప్పుకోవాలో తేల్చే టూస్ట్రింగ్ మెథడ్ రాసిపెట్టి ఉంటే "ఆర్డర్ 4812, రూ. 650, చెల్లింపు కాలేదు" అని కనిపిస్తుంది. తప్పెక్కడో పట్టుకోవడానికి ఆ మూడు ముక్కలు చాలు. అది రాసిన మనిషికి మనసులోనే దండం పెట్టుకున్న రాత్రులు నాకున్నాయి.

పైథాన్‌లో ఈ పని ఇంకా నాజూకు. అక్కడ ఇందుకు స్టర్, రెపర్ అని రెండు ఫంక్షన్లున్నాయి. తేదీని స్టర్‌తో అడిగితే 2024-03-05 అంటుంది. రెపర్‌తో అడిగితే ఆ తేదీని మళ్లీ తయారుచేసే కోడునే చేతికిస్తుంది.

పాస్‌వర్డును బయటపెట్టకుండా, కార్డు నంబరులో చివరి 4 అంకెలే చూపించేలా, అంటే వస్తువు ఏం చెప్పకూడదో కూడా ఆలోచించి రాసిన కోడు చూస్తే, పనితనం తెలిసిన చెయ్యి పడిందని ఇట్టే తెలిసిపోతుంది.