మంట తెలియకముందే మందు అందాలి

ఫ్యాక్టరీలో ప్రమాదం తప్పించుకోవడానికి మనిషి ఎక్కువగా నమ్ముకునేది తన ఒంటినే. సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్క చేతిమీద పడితే భగ్గున మండుతుంది, ఎవరూ చెప్పకపోయినా కాళ్లు కుళాయివైపు పరుగెడతాయి. అమ్మోనియా లీకైతే ఘాటు ముక్కుకు కొడుతుంది. ఆ మంట, ఆ ఘాటు వెంటనే తెలుస్తున్నంతవరకు అనుభవమున్న కార్మికుడు చాలా ప్రమాదాలను తానే కాచుకోగలడు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ దగ్గర ఈ నమ్మకం చెల్లదు. హెచ్‌ఎఫ్ అని పొట్టిగా పిలిచే ఈ యాసిడ్ 20 శాతం కన్నా పలచగా ఉన్నప్పుడు చర్మంమీద పడితే, నొప్పి మొదలవడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. 20 నుంచి 50 శాతం మధ్య అయితే ఒకటి నుంచి ఎనిమిది గంటలు. పొద్దుటి షిఫ్టులో చెయ్యి తడిసినవాడు ఇంటికెళ్లి, అన్నం తిని, పడుకున్నాక నొప్పితో లేవచ్చు. అప్పటికే విషం కండలోకి, ఎముకలోకి దిగి ఉండొచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి మనకు సామెత ఉంది. ఇక్కడైతే చెయ్యి కాలిందన్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే నా వాదన ఒక్కటే: హెచ్‌ఎఫ్ విషయంలో భద్రతను కార్మికుడి జాగ్రత్తకో, ధైర్యానికో, అనుభవానికో వదిలేయకూడదు. డ్రమ్ము మూత తీయకముందే నీళ్లు, విరుగుడు, ఆసుపత్రి సిద్ధంగా ఉండాలి. అవి లేనిచోట ఆ పని మొదలుపెట్టడాన్నే తప్పుగా లెక్కించాలి.

ఇంత కఠినంగా ఎందుకు అంటున్నానో తెలియాలంటే ఈ యాసిడ్ ఒంట్లో ఏం చేస్తుందో చూడాలి. రసాయన శాస్త్రం లెక్కలో హెచ్‌ఎఫ్ బలహీనమైన ఆమ్లం, అంటే నీళ్లలో దాని అణువులు చాలావరకు విడిపోకుండా ఉంటాయి. దాని ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. విద్యుదావేశం లేని ఆ అణువు చర్మపు కొవ్వు పొరను సులువుగా దాటి లోపలికి పోతుంది. లోపల ఫ్లోరైడ్ అయాన్లుగా విడిపోయి, దొరికిన కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోతుంది, కణాల్లోని పొటాషియం బయటికి వస్తుంది, గుండె లయ తప్పుతుంది. పైకి కనిపించే గాయం చిన్నదైనా గుండె ఆగిపోయే కారణం ఇదే. గాఢమైన హెచ్‌ఎఫ్ శరీరంలో రెండున్నర శాతం చర్మానికి తగిలినా చనిపోయినవాళ్లున్నారు. అది సుమారు రెండున్నర అరచేతులంత మేర. ఫ్లోరైడ్ అనగానే మనవాళ్లకు నల్లగొండ గుర్తొస్తుంది. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి మనుషులను వంచేసిన జిల్లా అది. హెచ్‌ఎఫ్ నుంచి వచ్చేదీ ఆ ఫ్లోరైడే. అక్కడ ఏళ్లు పట్టిన హాని వేరే రూపంలో ఇక్కడ గంటల్లో జరిగిపోతుంది.

దీనికి విరుగుడు ఉండటం మన అదృష్టం. ఫ్లోరైడ్ వెతికే కాల్షియాన్ని మనమే అందిస్తే, అది ఒంటి కాల్షియాన్ని వదిలి దాన్ని పట్టుకుని కరగని పదార్థంగా మారుతుంది. అందుకే రెండున్నర శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్‌ను హెచ్‌ఎఫ్ వాడేచోట ఉంచమంటారు. యాసిడ్ పడగానే తడిసిన బట్టలు తీసేసి, ధారగా పడే నీళ్లతో ఐదు నిమిషాలు కడగాలి. తర్వాత గ్లోవ్స్ వేసుకున్న చేత్తో జెల్ రాసి, రుద్దుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జెల్ లేకపోతే సాయం అందేదాకా నీళ్లు ఆపకూడదు. నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లి తీరాలి. డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట ‘యాసిడ్ పడింది’ అని కాదు, ‘హెచ్‌ఎఫ్ పడింది’ అని. ఇవేవీ లేకపోతే ఏమవుతుందో 1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తేలింది. ఒక ప్రయోగశాల టెక్నీషియన్ తొడలమీద 70 శాతం హెచ్‌ఎఫ్ 100 మిల్లీలీటర్లో, అంతకన్నా ఎక్కువో ఒలికింది. అక్కడ అత్యవసర షవర్ లేదు, జెల్ లేదు, ఒంటికి ఏప్రన్ లేదు. ఆయన గొట్టంతో వచ్చే సన్నటి నీటిధారతో కడుక్కున్నాడు, ఆపైన దగ్గర్లోని ఈతకొలనులో దిగాడు. కాలు తీసేసినా బతకలేదు, పదిహేను రోజులకు చనిపోయాడు. ఒక గ్లాసు ద్రవం చాలింది. ఆయన చేతకానివాడు కావడంవల్ల ఇలా జరిగిందని నేననుకోను. ఆ గదిలో ఉండాల్సినవి లేవు.

దీనికి వినిపించే మొదటి అభ్యంతరం: మా దగ్గర ఏళ్ల తరబడి వాడుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు, పైగా మేం వాడేది పలచని యాసిడ్. పలచన గురించి పైన చెప్పిన అంకెలే జవాబు. యాసిడ్ ఎంత పలచగా ఉంటే హెచ్చరిక అంత ఆలస్యమవుతుంది. అనుభవం మాటకొస్తే, అది నేర్పేది మనకు తెలిసిన ఫలితాలనుంచే. ఏ రోజు గ్లోవ్ చివర సూదిమొనంత చిల్లు పడిందో ఆ క్షణంలో తెలియనప్పుడు ఇరవై ఏళ్ల అనుభవమైనా ఏం నేర్పగలదు? రెండో అభ్యంతరం ఖర్చు. చిన్న యూనిట్లకు ఇవన్నీ భారమంటారు. కాల్షియం గ్లూకోనేట్ అరుదైన మందేం కాదు, ఇంజెక్షన్ రూపంలో మన ఆసుపత్రుల్లో మామూలుగా ఉండేదే. రెడీమేడ్ జెల్ దొరక్కపోతే 10 శాతం ఇంజెక్షన్ 25 మిల్లీలీటర్లను నీటితో కలిసే జెల్లీ 75 మిల్లీలీటర్లలో కలిపితే రెండున్నర శాతం జెల్ తయారవుతుంది. ఇది ఫ్యాక్టరీ డాక్టరో, ఫార్మసిస్టో చేయించగల పని. డ్రమ్ముల కొద్దీ యాసిడ్ కొనగలిగిన యజమాని దీన్ని కొనలేనంటే నేను ఒప్పుకోలేను. మూడో అభ్యంతరం, ఇదంతా చెబితే కూలీలు భయపడి పనికి రారని. తెలియనివ్వకుండా చేయించే పనికి మనిషి ఒప్పుకున్నట్టే కాదు. పైగా నొప్పి లేకపోయినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలంటే కార్మికుడికి ఆ సంగతి ముందు తెలిసి ఉండాలి కదా.

ముందు సిద్ధం కావడం వేరు, తర్వాత పరుగులు తీయడం వేరు. దక్షిణ కొరియాలోని గుమిలో 2012 సెప్టెంబరు 27న ట్యాంకునుంచి యాసిడ్ దించుతుండగా సుమారు ఎనిమిది టన్నుల హెచ్‌ఎఫ్ బయటికొచ్చింది. అయిదుగురు చనిపోయారు. దించేవాళ్లకు తగిన రక్షణ దుస్తులు లేవు. యాసిడ్‌ను విరిచే సున్నం వెంటనే చేతికి అందలేదు. ఖాళీ చేయించిన ఊళ్లోవాళ్లను తొందరపడి తిరిగి ఇళ్లకు రమ్మన్నారు. పైర్లు మాడిపోయాయి, పశువులు జబ్బుపడ్డాయి, వేలమంది ఆసుపత్రులకు వెళ్లారు. చివరికి ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని ప్రత్యేక విపత్తు మండలంగా ప్రకటించింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా రిఫైనరీలో 2019 జూన్ 21న తుప్పుతో పలచబడిన పైపు పగిలి మంటలు, పేలుళ్లు వచ్చాయి. రెండు టన్నులకు పైగా హెచ్‌ఎఫ్ లీకైంది. కానీ అక్కడ ఇలాంటి రోజు కోసమే ముందే కట్టిన వ్యవస్థ ఒకటి ఉండేది. కంట్రోల్ రూమ్ ఆపరేటర్ దాన్ని నడిపి దాదాపు 150 టన్నుల యాసిడ్‌ను వేరే పాత్రలోకి మళ్లించారు. ప్రాణాలేవీ పోలేదు. పైపును అంతదాకా తుప్పు పట్టనిచ్చిన నిర్లక్ష్యాన్ని నేను మాఫీ చేయను. అయినా ఆ రాత్రి ఊరిని కాచినవాటిలో ముందే చేసిపెట్టిన ఏర్పాటుకు పెద్ద వాటా ఉంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: ఇంత విషం అవసరమా, నిషేధించొచ్చు కదా? వేరే దారి ఉన్నచోట తప్పకుండా మానాలి. తుప్పు మరకలు పోగొట్టడానికి, టైల్స్ కడగడానికి ఇంత ప్రమాదకరమైనది వాడాల్సిన పనే లేదు. కానీ స్టెయిన్‌లెస్ స్టీలు పైపొర శుభ్రం చేయడం నుంచి చిప్‌ల తయారీ, ఫ్రిజ్‌లో వాడే వాయువుల దాకా హెచ్‌ఎఫ్ ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటా వాడే సిప్రోఫ్లాక్సాసిన్, అటోర్వాస్టాటిన్ మాత్రల్లోని ఫ్లోరిన్ మూలం వెతికినా సాధారణంగా ఈ యాసిడ్ దగ్గరికే చేరతాం. ఇవన్నీ రేపటికి ఆగవు. ఆగనప్పుడు, దాన్ని పట్టుకునే చేతులను కాపాడే బాధ్యత దానివల్ల బాగుపడే మనందరిదీ.

ఆ బాధ్యతకు చట్టం పునాది వేసింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పదార్థాల సంగతి కార్మికులకు, చుట్టుపక్కల జనానికి చెప్పి తీరాలని రాశారు. కాగితంమీది ఆ మాట డ్రమ్ము దాకా దిగాలి. పెద్ద డబ్బాలోంచి పేరు లేని ప్లాస్టిక్ క్యాన్‌లోకి యాసిడ్ ఒంపడం ఏ ఫ్యాక్టరీలోనూ జరగకూడదు. 1982లో జపాన్‌లోని హచియోజిలో దంతవైద్యుడి దగ్గర సోడియం ఫ్లోరైడ్‌కు బదులు హెచ్‌ఎఫ్‌ను మూడేళ్ల పాప పళ్లకు రాశారు, పాప చనిపోయింది. పేరులో పొరపాటుకు ఎంత మూల్యమో చెప్పడానికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు. యజమానులకు నా విన్నపం: జెల్ గడువు తేదీ చూడండి, షవర్ తిప్పి చూడండి, దగ్గర్లోని ఆసుపత్రికి మీరు హెచ్‌ఎఫ్ వాడుతున్నారని ఈ వారమే చెప్పి రండి. తనిఖీకి వెళ్లే అధికారులు రిజిస్టర్‌కన్నా ముందు ఈ మూడింటినీ చూడాలి. కార్మికులకు చెప్పేది ఒక్కటే: డ్రమ్ము మూత తీయమన్నప్పుడు ముందు జెల్ ఎక్కడుందో చూపించమని అడగండి. చూపించలేకపోతే మూత తీయకండి. అలా అడిగినవాణ్ణి పనిదొంగ అనకుండా చూసుకోవాల్సింది యజమాని, యూనియన్, ప్రభుత్వం.