ఉగాది గోళ్లకు గోరింటాకు

ఫాల్గుణం సగం గడిచేసరికి మన దగ్గర చెట్లు రంగు మారుస్తాయి. ఆకులన్నీ రాల్చేసిన మోదుగ నారింజ కలిసిన ఎరుపులో విరగబూస్తుంది. మామిడికి రాగి రంగు చిగుళ్లు వస్తాయి. గానుగ కొత్త ఆకు వేసుకుని లేత పచ్చగా మెరుస్తుంది. వసంతానికి గోళ్లకు ఏ రంగు బాగుంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ చెట్లనే చూపిస్తాను. పత్రికల్లో వసంతం పేరుతో వచ్చే లేత గులాబీ, లేత ఊదా, పాలనీలం రంగులు మంచు కరిగి మొదటి పువ్వు పూసే దేశాలవి. అక్కడ అవి చక్కగా అమరుతాయి. మన వసంతం ఎండను వెంటబెట్టుకుని వస్తుంది. దానికి తగిన ఎరుపు కావాలి. ఆ ఎరుపు పెరట్లోనే ఉంది.

గోరింటాకు అనగానే ఆషాఢం గుర్తొస్తుంది, లేదా అట్లతద్ది ముందురోజు రాత్రి గుర్తొస్తుంది. ఆ రెండు సందర్భాలూ మనవాళ్లకు ఎంత ఇష్టమంటే, మిగతా ఏడాదంతా ఆ చెట్టును మరిచిపోతాం. నిజానికి గోరింట ఎండను ఇష్టపడే మొక్క. దేశంలో మైదాకు సాగుకు పేరుపడ్డ సోజత్ ఎక్కడో నీళ్లు పుష్కలంగా ఉన్న చోట లేదు, రాజస్థాన్‌లోని పాలీ జిల్లాలో, మెట్ట నేలల్లో ఉంది. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇలా ఎండను ఇష్టపడే మొక్క కాబట్టి ఉగాదికి గోరింటాకు పెట్టుకోవడంలో అకాలమేమీ లేదు.

అరచేతి చందమామ రెండు వారాలకు వెలిసిపోతుంది. చర్మం పై పొర రాలిపోతూ ఉంటుంది గనక ఆ రంగూ దానితోపాటే పోతుంది. గోరు అలా కాదు. గోరు కెరటిన్ అనే గట్టి ప్రోటీన్. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం ఆ కెరటిన్‌ను పట్టుకుంటే ఇక వదలదు. సబ్బుకు పోదు, గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌కూ పోదు. గోరు పెరిగి, కత్తిరించినప్పుడే పోతుంది. ఈ ఒక్క గుణం వల్లే దీన్ని పైపూతల వరసలో చేర్చలేను.

ఆకు నలిగితేనే రంగు పుడుతుంది. పచ్చి ఆకులో లాసోన్ నేరుగా ఉండదు, చక్కెరతో ముడిపడిన రూపంలో దాగి ఉంటుంది. రుబ్బినప్పుడు కణాలు చితికి ఆ ముడి విడిపోతుంది, పులుపు తగిలితే ఇంకా బాగా విడిపోతుంది. పెద్దవాళ్లు రోట్లో ఆకుతోపాటు చింతపండు వేసింది ఇందుకే. కొన్ని ఇళ్లలో వక్క, కొన్ని ఇళ్లలో కాచు కూడా వేస్తారు. అవి తమ రంగును కొంత కలుపుతాయి. రెమ్మ చివరి లేత ఆకులు కోయండి, రంగు వాటిలోనే ఎక్కువ. నీళ్లు చిలకరించినట్టు మాత్రమే పోయండి. ముద్ద వేలికి అంటి నిలబడాలి, జారకూడదు. మిక్సీలో వేసినా తప్పులేదు గానీ, బ్లేడు తిరగడానికని నీళ్లు పోసేస్తాం, అక్కడే రంగు పలచనవుతుంది. రోలు ఉంటే రోలే మేలు.

పెట్టేముందు గోళ్ల మీద పాత పాలిష్ చుక్క కూడా మిగలకూడదు. నూనె, క్రీము ఉన్నా రంగు లోపలికి దిగదు. సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, ఉసిరికాయంత ముద్ద తీసుకుని వేలి కొసకు టోపీలా తొడగాలి. టోపీ అనేది మాటవరసకే. అసలు పని గోరు మొదట్లో, పక్క అంచుల్లో ముద్ద నొక్కుకునేలా అదమడం. అక్కడ గాలి దూరితే రంగు మచ్చలుగా పడుతుంది. ముద్ద ఆరిపోతే రంగు దిగడం ఆగిపోతుంది కాబట్టి నిమ్మరసంలో పంచదార కలిపి దూదితో అద్దుతుంటారు. రాత్రి పెట్టుకుని గుడ్డ చుట్టుకుని పడుకుంటే ఒంటి వేడికి ఇంకా బాగా పండుతుంది.

పొద్దున్నే ముద్ద రాల్చేయండి, నీళ్లతో కడగొద్దు. కొబ్బరినూనె రాయండి. అప్పుడు గోరు మోదుగ పువ్వు రంగులో ఉంటుంది. చాలామంది అది చూసి ‘పండలేదు’ అని నిరాశపడతారు. ఒకటి రెండు రోజులు ఆగాలి. గాలి తగిలి ఆ నారింజ ముదిరి దానిమ్మగింజ ఎరుపులోకి, ఆ తర్వాత మామిడి చిగురు రాగి రంగులోకి మళ్లుతుంది. అందుకే పండుగనాటికి ఎరుపు కావాలంటే రెండు రోజుల ముందే పెట్టుకోవాలి, అమావాస్య రాత్రి దాకా ఆగకూడదు.

ఇక డిజైన్ల సంగతి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెట్టిన పది రోజులకు మొదట్లో రంగులేని సన్నని వంక తేలుతుంది. నెలకు అది నెలవంకవుతుంది. పాశ్చాత్య దేశాల్లో 1920, 30ల్లో స్త్రీలు కావాలనే ఇలా గోటి మొదలు వదిలేసి మిగతా భాగానికి రంగు వేయించుకునేవారు, దాన్ని అర్ధచంద్ర మెనిక్యూర్ అంటారు. మూడు నెలలకు ఎరుపు కొసల్లో అంచుగా మాత్రమే మిగులుతుంది. అది 1970ల్లో హాలీవుడ్‌లో జెఫ్ పింక్ ప్రచారంలోకి తెచ్చిన ఫ్రెంచ్ మెనిక్యూర్ ఆకారమే, తెలుపుకు బదులు ఎరుపు. గోరింటాకు ఒక్కసారి పెట్టుకుంటే గోరు తనంతట తానే ఈ రెండు రూపాలూ దాటుతుంది. ఆ మధ్యదశను చూసి ‘గోళ్లు అసహ్యంగా ఉన్నాయి’ అని రంగుతో కప్పేసుకోవడం నాకు బాధగా ఉంటుంది. కప్పొద్దు. గోటి కొస గుండ్రంగా అరగదీసి, కొంచెం నూనె రాయండి, చాలు.

ఆగే ఓపిక లేనివాళ్లకు మరో దారి ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో నీలం అంటకూడని చోట మైనం పూసి కాపాడినట్టే, గోటి మీద రంగు వద్దనుకున్న చోట పారదర్శకమైన నెయిల్ పాలిష్ వేసి బాగా ఆరనివ్వాలి. దానిమీద గోరింటాకు పెట్టి, తీసేశాక అసిటోన్‌తో పాలిష్ తుడిచేస్తే ఎరుపులో గోటి సహజ రంగు బొమ్మగా మిగులుతుంది. సన్న పుల్లతో వేప పూరేకలు వేయొచ్చు, ఏటవాలు గీత గీయొచ్చు, మొదట్లో నెలవంక వదలొచ్చు. ఉంగరపు వేలికి మాత్రం ఒక చుక్క వదిలి, మిగతావన్నీ నిండుగా పండించుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. గోటి చుట్టూ చర్మం ఎర్రబడకూడదనుకుంటే అక్కడ ఆముదం రాస్తే సరి.

పాలిష్‌కు నేను విరోధిని కాను. పండిన గోటి మీద రంగులేని పాలిష్ ఒక పూత వేస్తే ఎంతో నిగారింపు వస్తుంది. జెల్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దాన్ని పెట్టడానికీ తీయడానికీ గోటిని అరగదీస్తారు, పదేపదే చేస్తే గోరు పలచబడుతుంది. జెల్‌లోని అక్రిలేట్లతో అలర్జీలు వస్తాయి. జెల్ గట్టిపడేందుకు వాడే టీపీఓను యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది.

గోరింటాకు పేరుతో అమ్మేదంతా గోరింటాకు కాదని కూడా గట్టిగా చెప్పాలి. నిమిషాల్లో నల్లగా పండే ‘బ్లాక్ హెన్నా’ కోన్లలో పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం ఉండొచ్చు. దానితో బొబ్బలు వస్తాయి, మచ్చలు మిగులుతాయి. ఆకు ఎప్పుడూ నిమిషాల్లో నల్లరంగు ఇవ్వదు. పసిపిల్లలకూ, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకూ స్వచ్ఛమైన గోరింటాకైనా పెట్టకూడదు, లాసోన్ వల్ల వాళ్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

హైదరాబాద్‌లో ఈ మధ్య ఏళ్లలో వసంతకాలపు గోరింటాకు రెండిళ్ల పండుగ అయింది. 2025లో ఉగాది మార్చి 30న వస్తే, రంజాన్ ఆ మర్నాడే. 2026లో ఉగాది మార్చి 19న, రంజాన్ రెండు రోజుల తేడాలో. నమాజుకు ముందు చేసే వజూలో నీళ్లు గోటికి తగలాలి. పాలిష్ దాన్ని అడ్డుకుంటుంది, గోరింటాకు అడ్డుకోదు. అందుకే ముస్లిం స్త్రీలలో గోళ్లకు మెహందీ ఎన్నడూ పాతబడలేదు. ఒకే రోలులో రుబ్బిన ముద్ద రెండు వాకిళ్లకూ వెళ్లే వాడల్లో ఆ వారమంతా అందరి గోళ్లదీ ఒకే ఎరుపు.

రోట్లో మిగిలిన ముద్దను పారేయకండి, కాలిగోళ్లకు పెట్టండి. కాలిగోరు చేతిగోటి వేగంలో సగం కూడా పెరగదు. బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఉగాదికి పండిన ఆ ఎరుపు ఆషాఢంలో సగం గోరు దాకా నిండుగా ఉంటుంది, దసరా నాటికీ కొసన కనిపిస్తూనే ఉంటుంది.