‘సంబంధిత ప్రాంతం’: బెర్లిన్ ఒప్పందాల భాషలో సందిగ్ధత

కీలకపదాలు: బెర్లిన్, ప్రచ్ఛన్నయుద్ధం, దౌత్యభాష, సందిగ్ధత, శ్లేష.

1. ప్రవేశిక

రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్‌లు బెర్లిన్ నగరాన్ని నాలుగు విభాగాలుగా పంచుకొన్నాయి. 1948-49 నాటి దిగ్బంధం, 1958 నవంబరులో క్రుశ్చేవ్ విధించిన ఆరు నెలల గడువు, 1961 ఆగస్టు 13న మొదలైన గోడ నిర్మాణం ఆ నగర చరిత్రలో సుప్రసిద్ధ ఘట్టాలు. వీటిని సాధారణంగా సైనికబలం, అణ్వాయుధ భయం దృష్ట్యా వివరిస్తారు. అయితే బెర్లిన్ విషయమై కుదిరిన ఒప్పందాలను రచనలుగా చదివినప్పుడు మరొక అంశం స్పష్టమవుతుంది. అర్థం విషయంలో ఏకాభిప్రాయం లేకున్నా వాక్యం విషయంలో అంగీకారం సాధ్యమని అవి నిరూపించాయి. ఆ అంగీకారం ఎవరికి మేలు చేసిందో 1963, 1971 ఒప్పందాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేర్లపై కుదరని అంగీకారం

గోడ వెలిసిన తరువాత రెండేళ్లకు పైగా పశ్చిమ బెర్లిన్ వాసులు తూర్పు బెర్లిన్‌లోని తమ బంధువులను చూడలేకపోయారు. తూర్పు జర్మనీ ప్రతినిధితో ఒప్పందం చేసుకొంటే ఆ రాజ్యాన్ని గుర్తించినట్లవుతుందన్న శంక విల్లీ బ్రాంట్ నేతృత్వంలోని నగరపాలక వర్గానికి ఉండేది. 1963 డిసెంబరు 17 నాటి అనుమతిపత్రాల ఒప్పందం ఈ చిక్కును దాచలేదు. స్థలాలకు, అధికార సంస్థలకు, పదవులకు ఉమ్మడి పేర్లపై అంగీకారం కుదరలేదని ఇరుపక్షాలూ అందులోనే రాసుకొన్నాయి. ఆ ఒక్క వాక్యం వల్లనే తక్కిన ఒప్పందం సాధ్యమైంది. ఆ క్రిస్మస్, నూతన సంవత్సర దినాలలో సుమారు 12 లక్షల సందర్శనలు జరిగాయి.

3. ఒకే వాక్యం, రెండు అన్వయాలు

1971 సెప్టెంబరు 3న నాలుగు దేశాలు సంతకం చేసిన ఒప్పందం శీర్షికలో బెర్లిన్ పేరు లేదు. దాని పీఠిక ‘సంబంధిత ప్రాంతం’ అని మాత్రమే పేర్కొంటుంది. ఆ మాటకు పాశ్చాత్య దేశాలు మొత్తం బెర్లిన్ అనీ, సోవియట్ యూనియన్ పశ్చిమ బెర్లిన్ మాత్రమే అనీ అర్థం చెప్పుకొన్నాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్ పాఠాలే అధికారికమైనవి. ఆ నగరవాసుల భాష అయిన జర్మన్‌కు ఆ హోదా దక్కలేదు. పశ్చిమ జర్మనీతో పశ్చిమ బెర్లిన్‌కు గల సంబంధాలను సూచించే పదాన్ని పశ్చిమ జర్మనీ ‘బిండుంగెన్’ అనీ, తూర్పు జర్మనీ ‘ఫెర్బిండుంగెన్’ అనీ అనువదించుకొన్నాయి. మొదటిది గాఢమైన అనుబంధాన్ని, రెండవది కేవలం రాకపోకల వంటి సంబంధాన్ని స్ఫురింపజేస్తాయి.

ఈ సందర్భంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ స్మరణకు రావడం సహజం. అక్కడ ఒకే పద్యం రామకథకూ భారతకథకూ అన్వయిస్తుంది. కాని పాఠకుడు రెండర్థాలనూ గ్రహించినప్పుడే ఆ రచన సఫలమవుతుంది. బెర్లిన్ ఒప్పందంలో ప్రతి పక్షమూ ఒక్క అర్థాన్నే అంగీకరించి, రెండవది ఉందని తెలిసినా ఒప్పుకోదు. కనుక దీనిని శ్లేష అనలేము. ఆలంకారికులు దోషాలలో చేర్చిన సందిగ్ధత ఇక్కడ ప్రయోజనాన్ని బట్టి గుణమైంది.

4. సందిగ్ధత పరిమితి

ఆ గుణానికి హద్దులున్నాయి. 1974లో పశ్చిమ జర్మనీ తన పర్యావరణ కార్యాలయాన్ని పశ్చిమ బెర్లిన్‌లో నెలకొల్పినప్పుడు, ‘సంబంధాలు’ అనే మాటలో అణిగి ఉన్న వివాదం తిరిగి తలెత్తింది. అంతకన్న గమనించదగినది మరొకటి ఉంది. 1971 ఒప్పందం పశ్చిమ విభాగాల నివాసుల ప్రయాణాల గురించి మాట్లాడుతుంది. తూర్పు బెర్లిన్ వాసి పశ్చిమానికి వెళ్లగలగడం గురించి అందులో సందిగ్ధవాక్యం కూడా లేదు. అతనికి 1989 నవంబరు 9 వరకు నిరీక్షణ తప్పలేదు.

5. ముగింపు

దౌత్యరచనలోని సందిగ్ధతను కపటంగా కొట్టివేయడం తగదు. విడిపోయిన కుటుంబాలను అది కొన్ని రోజులైనా కలిపింది. దానిని కేవలం నేర్పుగా ప్రశంసించడమూ తగదు. ఒక మాటకు ఎన్ని అర్థాలు వచ్చాయన్న ప్రశ్నతో పాటు, ఆ మాటల్లో ఎవరికి చోటు దక్కలేదన్న ప్రశ్న కూడా వేసినప్పుడే ఇటువంటి పాఠాల విమర్శ సమగ్రమవుతుంది.