లెక్కలో ఉండి పేరు లేనోళ్ళు

వంశచరిత్ర రాసుకోవడం ఈ దేశంలో కొందరికే కుదిరే పని. కరణానికి కవిలె కట్టలున్నాయి. రెడ్డికి పట్టా ఉంది, గుడిగోడ మీద దాతగా పేరుంది. బ్రాహ్మడికి గోత్రముంది, ప్రవర ఉంది, తద్దినం నాడు మూడు తరాల పేర్లు మంత్రంలోనే వస్తాయి. కళ్యాణదుర్గం పక్క మాదిగ గేరిలో పుట్టినోడికి ఏముంది? తాత పేరు తెలుసు. ముత్తాత పేరు దగ్గర నోరు తడబడుతుంది. ఆపైన ఎవరని అడిగితే ముసలోళ్ళు "అంతా మనోళ్ళేలే" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

ఈమధ్య మన విద్యార్థులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. వేరే దేశాల్లో జనాభా లెక్కలు, పాత పత్రికలు తిరగేసి పూర్వీకుల జీవితాలు బయటికి తీస్తున్నారు కదా, మనమూ మన మొదటి చదువరిని, మొదటి తిరుగుబాటుదారుని అట్లా వెతికి పట్టుకోలేమా అని. మంచి ప్రశ్నే. కాని జనాభా లెక్క గాని, పత్రిక గాని గాలిలోంచి ఊడిపడలేదు. అవీ రాతలే. కథనూ కవిత్వాన్నీ అడిగినట్టే వాటినీ అడగాలి: ఎవరు రాసినారు? ఎవరి కోసం రాసినారు? ఎవర్ని వదిలేసినారు? ఈ వ్యాసం ఆ పనే చేస్తుంది. ఉదాహరణ మా ఇల్లే.

మద్రాసు రాజధానిలో మొదటి పూర్తి జనాభా లెక్క 1871లో జరిగింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మా ఊర్లన్నీ బళ్ళారి జిల్లాలో ఉండేవి. నివేదిక రాసినాయన కార్నిష్ అనే దొర, శానిటరీ కమిషనర్. ఆ నివేదిక కులాలను పెద్ద పెద్ద గంపలకు ఎత్తింది. తెలుగు మాలలు, మాదిగలు, అరవ పరయలు అందరూ పోయి ఒక్క గంపలోనే పడినారు. కపిలకు తొండం కుట్టేవాడు, నేత నేసేవాడు, పొలం కాపలా కాసేవాడు, అందరూ ఒక్క అంకె. ఊరికి అటు వైపు ఎవరు ఎవరికన్నా పెద్ద అనే తగువు మీద దొరలకు పేజీలు చాల్లేదు. ఇటు వైపుకు ఒక గంప చాలింది.

అయినా ఆ అంకెల్లోనే ఒక ఏడుపు ఉంది, చదవగలిగితే. 1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేసిన ప్రాంతాన్ని చూడండి. అక్కడ 1871లో 7 లక్షల 40 వేల పైచిలుకు మనుషులు. 1881 లెక్కకు 6 లక్షల లోపే. పదేళ్ళలో పెరగాల్సిన జనం పోయి లక్షా 40 వేల దాకా తగ్గినారు. మధ్యలో 1876-78 కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక మా పక్క దాన్ని ధాత కరువు అంటారు. చచ్చినోళ్ళెందరు, దేశాంతరం పోయినోళ్ళెందరు అనేది ఆ తీసివేత చెప్పదు. అందులో గేరి ఎంత, ఊరెంత అనేది అసలే చెప్పదు. కరువు మొదట కూలోడి కంచంలోకే వస్తుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే ఇంకో దొర మద్రాసుకు వచ్చి కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను తిండిగింజలు, మీద కొంచెం చిల్లర చాలని తేల్చినాడు. అది మనిషి బతికే తిండి కాదని ఎదురు చెప్పినవాడు ఈ కార్నిషే. 1871లో మనల్ని ఒకే గంపకెత్తిన చెయ్యి, ఆరేళ్ళకు మన ఆకలి కోసం వాదించింది. ఇది గమనించాల్సిన విషయం. రాసినవాడు చెడ్డోడా మంచోడా అని తేల్చడంతో విమర్శ అయిపోదు. మంచోడి పట్టికలోనూ మనకు పేరు గడి లేదు. లోపం మనిషిలో కన్నా పట్టికలోనే ఎక్కువ.

ఇంటింటికీ తిరిగి రాసుకున్న కాగితాల్లో పేర్లు లేకపోలేదు. కాని మన దేశంలో కూడికలు అయ్యాక ఆ కాగితాలను దాచే ఆచారం లేదు. పట్టికలు మిగులుతాయి, మనుషులు పోతారు. స్వాతంత్ర్యం వచ్చినాక 1948లో చేసిన జనాభా లెక్కల చట్టం ఆ కాగితాలు ఎవరూ తీసి చూడకూడదని 15వ సెక్షన్‌లో రాసింది. ఇప్పుడు బతికున్నోళ్ళ గుట్టు కాపాడటానికి అది మంచిదే. కాని ముత్తాతను వెతికేవాడికి అక్కడ తలుపు లేదు, గోడే ఉంది.

అమెరికా నల్లవాళ్ళకూ ఇట్లాంటి గోడే ఉంది. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక పెట్టినారు. అందులో యజమాని పేరుంటుంది, దాని కింద వయసు, ఆడా మగా, రంగు. బానిసకు పేరు రాయలేదు. బానిసత్వం పోయినాక, 1870 లెక్కలో మొదటిసారి వాళ్ళు పేరుతో, ఇంటితో కనిపిస్తారు. వాళ్ళ గోడకు ఒక తేదీ ఉంది. 1870 అవతల చీకటి, ఇవతల పేర్లు. మన గోడకు ఆ తేదీ కూడా లేదు.

అయితే మనోళ్ళకు పేరు దొరికిన ఒక పుస్తకం ఉంది. అది ఓడ పుస్తకం. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మంది కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా అట్లా నాటల్‌కు లక్షా 52 వేల మంది పోయినారు. వాళ్ళలో మన తెలుగు జిల్లాలవాళ్ళూ చాలామంది. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు. కులం గడిలో మాల, మాదిగ అని కనిపిస్తాయి. అవ్వాతాతలు ఏ ఊరివాళ్ళో ఆ జాబితాలు చూసి నాటల్ తెలుగువాళ్ళు చెప్పుకోగలరు. మారిషస్‌లో అయితే కొందరికి ఫోటోలు కూడా ఉన్నాయి.

ఇందులో ఎగతాళి ఎవరిదో ఆలోచించండి. సొంత ఊర్లో ఉన్నోడు అంకె. ఊరొదిలి అమ్ముడుపోయినోడికి పేరు, తండ్రి పేరు, మోకాలి మీద మచ్చ! పారిపోతే పట్టుకోవాలి గనుక పేరు రాసినారు. మన పేరు కాగితం మీదికి ఎక్కేది మన మీద ఇంకొకడికి పని ఉన్నప్పుడే. ఈ సూత్రం పట్టుకుంటే మిగతా రికార్డులు చదవడం తేలికవుతుంది.

పత్రికల సంగతి చూద్దాం. మా జిల్లాకు సొంత పత్రిక అంటే శ్రీసాధన పత్రిక. పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురం నుంచి మొదలుపెట్టినారు. అంతకు ముందు నుంచే కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక ఉన్నాయి. జాతీయోద్యమం నాటి పత్రికల్లో మనం మూడు చోట్ల కనిపిస్తాం. నేరం వార్తలో, కలరా కరువు వార్తలో, ఉద్ధరణ వార్తలో. మొదటి రెండింటిలో "ఒక పంచముడు", "కొందరు కూలీలు". మూడోదాన్ని జాగ్రత్తగా చదవాలి. ఉద్ధరణ వార్తల్లో సభకు అధ్యక్షుడెవరో ఉంటుంది, ఉపన్యసించిందెవరో ఉంటుంది, సబ్బులు బట్టలు పంచిందెవరో ఉంటుంది. వాక్యానికి కర్త ఎప్పుడూ ఊర్లోవాడే. గేరి కర్మ. మనం స్నానం చేయించబడతాం, ప్రవేశపెట్టబడతాం, ఉద్ధరించబడతాం. తెలుగు వ్యాకరణంలో కర్మణి ప్రయోగం అరుదని బళ్ళో చెప్తారు. మన వార్తల్లో అది అరుదు కాదు.

దీనికి ఎదురు రాత కూడా అప్పుడే పుట్టింది. మద్రాసులో రెట్టమలై శ్రీనివాసన్ 1893లోనే 'పరయన్' పత్రిక పెట్టినాడు. అయోతీదాస్ 1907లో 'ఒరు పైసా తమిళన్' పెట్టినాడు. కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపినాడు. భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చినాడు. వీటిలో మనం కర్తలం. సభ పెట్టింది మనం, తీర్మానం చేసింది మనం. మన పత్రికలో మన పేరు ఎవరి అవసరం కోసమో కాదు, మన గొంతు కోసమే పడింది.

1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచినారు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మేం అయిదో జాతి ఏందని నిలదీసి, ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ పేరే మార్చినారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను ఒప్పుకుంది. 1931 లెక్క వచ్చేసరికి మద్రాసు రాజధానిలోని మాలమాదిగల్లో మూడోవంతు దాకా మేం ఆది ఆంధ్రులం అని రాయించుకున్నారు. 1871కీ 1931కీ తేడా ఇక్కడుంది. గంప వాళ్ళదే. కాని గంప మీద చీటీ మనం రాసినాం. ఎన్యూమరేటర్ ముందు నిలబడి పాత పేరు కాదు, కొత్త పేరు రాయి అని చెప్పినోళ్ళలో ఒక్కరి పేరూ ఆ పట్టికలో లేదు. ఉద్యమం మాత్రం ఉంది. ఆ ఆది ఆంధ్ర పేరు కింద ఎవరు ఎక్కువ కనిపించినారు, ఎవరు మాటుపడినారు అనే ప్రశ్నను 1994 తర్వాత దండోరా ముందుకు తెచ్చింది. ఆ ప్రశ్నా న్యాయమైందే. పేరు సాధించుకోవడంతో లెక్క తెగిపోదు.

మా ముత్తాత కథ ఇక్కడ తగులుతుంది. గేరిలో మొదట అక్షరం నేర్చినోడు ఆయనే అని మా ఇంట్లో చెప్తారు. జనాభా లెక్కలో ఆయన లేడు, పత్రికలో లేడు. ఆయన జాడ దొరికింది ఒక పాత బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో, అదీ కొడుకు పేరు పక్కన. ఒక్క వరస. పిల్లోడి పేరు, తండ్రి పేరు, కులం ఆది ఆంధ్ర, తండ్రి వృత్తి కూలి. అంతే. ఆ ఒక్క వరసను ఎన్నోసార్లు చదివినాను. "ఆది ఆంధ్ర" అన్నది ఆయన చెప్పిన మాట. "కూలి" అన్నది అయ్యవారు రాసిన మాట. తోలు ఊనబెట్టి, నానబెట్టి, కపిల తొండం కుడితే నీటిచుక్క కారనంత పనిమంతుడు కాగితం మీద కూలి అయినాడు. తల్లి పేరుకు గడే లేదు. ఒకే వరసలో ఒక గెలుపు, ఒక మోసం, ఒక ఖాళీ.

మన కుటుంబ చరిత్రల పుస్తకాలను ఈ వెలుగులో చూడాలి. వై.బి. సత్యనారాయణ 2011లో రాసిన తన తండ్రి బాలయ్య కథ చూడండి. ముత్తాత నిజాముకు మెత్తటి చెప్పుల జత ఇస్తే నిజాం 50 ఎకరాలు ఇచ్చినాడు, దొర అందులో రెండెకరాలు మిగిల్చినాడు. ఇది ఇంట్లో చెప్పుకుంటూ వచ్చిన కథ. ఆ తర్వాత కుటుంబం రైల్వేలో చేరుతుంది. సుజాత గిడ్ల 2017లో తెచ్చిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' కూడా పెద్దల నోటి మాట మీదనే నిలబడింది. అందులో కాగితం మిషన్ బడితో మొదలవుతుంది. గోగు శ్యామల 2003లో తెచ్చిన 'నల్లపొద్దు' ఇంకో దారి పట్టింది. 1921 నుంచి దళిత స్త్రీల రాతలను వెతికి ఒక్కచోట చేర్చింది, తాడి నాగమ్మ లాంటి వాళ్ళను మళ్ళీ మన ముందు నిలబెట్టింది. ఈ మూడూ గొప్ప పుస్తకాలే. అయినా ఒక ప్రమాదం ఉంది. రైల్వే, మిషన్, బడి, పత్రిక, వీటిని తాకినోళ్ళే మనకు మొదటివాళ్ళుగా కనిపిస్తారు. కాగితం ఎవర్ని చూసిందో వాళ్ళే ముందు నడిచినోళ్ళని మనమూ నమ్మేస్తాం.

మా జేజి చెప్పేది. వాళ్ళవ్వ ధాత కరువులో రోడ్డు పనిలో కంకర కొట్టి, బలుసాకు ఉడకేసి, ఇద్దరు పిల్లల్ని బతికించుకుందట. ఆమె ఏ రిజిస్టర్‌లోనూ లేదు. 1881 లెక్కలో మిగిలిన ఆ 6 లక్షల లోపు మందిలో ఆమె ఒక ఒకటి. ఆమె బతక్కపోతే అక్షరం నేర్చే ముత్తాత పుట్టడు. మరి మా ఇంట్లో ముందు నడిచింది ఎవరు? నా దృష్టిలో ఆమే. పత్రిక దీన్ని ఒప్పుకోదు, జనాభా లెక్క దీన్ని చూడలేదు. ఒప్పించాల్సింది మన విమర్శ.

2025లో కేంద్ర ప్రభుత్వం రాబోయే జనాభా లెక్కల్లో అన్ని కులాలనూ లెక్కిస్తామని ప్రకటించింది. దానికి 2027 మార్చి 1ని గుర్తు తేదీగా పెట్టింది. 1931 తర్వాత ఇట్లాంటిది ఇదే అని ఊరంతా గోల. మనల్ని మాత్రం ఎప్పుడూ లెక్కబెడుతూనే వచ్చినారు. లెక్కలో ఉండటం మనకు కొత్త కాదు. ఆ లెక్కతో భూమి, చదువు, కొలువు ఎంత అడుగుతాం అనేదే మన ప్రశ్న. అడగాలంటే అంకె కావాలి. కనుక ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు కులం గడి దగ్గర ఎవరూ నసగొద్దు.

పేరు మాత్రం ఆ గడిలో దొరకదు. దాన్ని మనమే రాయాలి. విద్యార్థులు తమ ఊరి బడి అడ్మిషన్ రిజిస్టర్ చూడాలి. చర్చి ఉంటే బాప్టిజం రిజిస్టర్ చూడాలి. మా పక్క 1810లో లండన్ మిషన్ బళ్ళారికి వచ్చినప్పటి నుంచి ఆ రాతలు మొదలైనాయి. పాత పత్రికల్లో ఉద్ధరణ వార్త దొరికితే ఆ తేదీ పట్టుకొని గేరికి పోయి, ఆ రోజు నిజంగా ఏం జరిగిందో ముసలోళ్ళను అడగాలి. అన్నిటికన్నా ముందు అవ్వలను అడగాలి, వాళ్ళ అవ్వల పేర్లు అడగాలి. ఆ పేరు ఒక నోట్‌బుక్‌లో పడితే చాలు, 1871 నుంచి ఖాళీగా ఉన్న గడి ఒకటి నిండుతుంది.