రంగం మీదికి రాని మినీ

నాటిక రాసే వాళ్లందరం తల బద్దలు కొట్టుకునేది ముఖ్యపాత్ర ప్రవేశం దగ్గరే. ఎప్పుడు రావాలి, ఏ మాటతో రావాలి, రాగానే ప్రేక్షకుడు నిటారుగా కూర్చోవాలంటే ఏం చేయాలి? అమెరికన్ రచయిత్రి సూజన్ గ్లాస్పెల్ 1916లో రాసిన ‘ట్రైఫిల్స్’ ఏకాంకికలో ముఖ్యపాత్ర అసలు రంగం మీదికే రాదు. పేరు మినీ రైట్. భర్తను చంపిందన్న అనుమానంతో జైల్లో ఉంటుంది. మనం చూసేది ఆమె వంటింటిని మాత్రమే. నాటకరచన గురించి ఏ పుస్తకమూ నేర్పనిది ఈ చిన్న నాటిక నాకు నేర్పింది.

గ్లాస్పెల్ 1876లో అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ ఒడ్డున ఉన్న డావెన్‌పోర్ట్‌లో పుట్టింది. చదువు పూర్తికాగానే ‘డెమోయిన్ డైలీ న్యూస్’లో విలేకరిగా చేరింది. 1900 డిసెంబరులో జాన్ హొసాక్ అనే రైతును నిద్రలో ఎవరో గొడ్డలితో నరికారు. నేరం పక్కనే పడుకున్న భార్య మార్గరెట్ మీద పడింది. గ్లాస్పెల్ ఆ కేసు మీద రెండు డజన్లకు పైగా వార్తలు రాసింది. మొదట్లో ఆ భార్యను కరుడుగట్టిన మనిషిగానే చూపించింది. ఆ ఇంటికి వెళ్లి చూసొచ్చాక ఆమె రాతలో జాలి తొంగిచూసింది. 1901లో జ్యూరీ మార్గరెట్‌ను దోషి అన్నది. ఆ జ్యూరీలో అందరూ మగవాళ్లే. ఆడవాళ్లకు అక్కడ కూర్చునే హక్కు లేదు. తర్వాత పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది, రెండో విచారణలో జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది. ఈలోపే గ్లాస్పెల్ ఉద్యోగం మానేసి, కథలు రాసుకోవడానికి ఊరికి వెళ్లిపోయింది.

ఆ కేసు ఆమెను పదిహేనేళ్లు వదల్లేదు. మసాచుసెట్స్ సముద్రతీరంలోని ప్రావిన్స్‌టౌన్‌లో ఆమె, భర్త జార్జ్ క్రామ్ కుక్, వాళ్ల మిత్రులు కలిసి రేవు మీది పాత చేపల షెడ్డును నాటకశాలగా మార్చారు. యూజీన్ ఓనీల్ నాటకం మొదటిసారి ఆడింది కూడా అక్కడే. 1916 వేసవిలో భార్య ఇంకా రాయని నాటకాన్ని కుక్ ముందే ప్రకటించేశాడు. ఆమె వెళ్లి ఖాళీ రంగం ఎదుట చెక్క బెంచీ మీద కూర్చుంది. చూస్తూ ఉండగా ఆ రంగం వంటిల్లయిందని తర్వాత భర్త జీవితకథలో తనే రాసింది.

నాటికలో షెరిఫ్, ప్రభుత్వ న్యాయవాది, పొరుగు రైతు సాక్ష్యం కోసం మేడ మీదికీ పశువుల కొట్టంలోకీ తిరుగుతుంటారు. వాళ్ల వెంట వచ్చిన రైతు భార్య మిసెస్ హేల్, షెరిఫ్ భార్య మిసెస్ పీటర్స్ కిందే ఉండిపోతారు. బల్ల సగమే తుడిచి ఉంది. పొయ్యి ఆరిపోవడంతో పళ్లు నిలవచేసిన సీసాలు చలికి పగిలిపోయాయి, చెర్రీలది ఒక్కటే మిగిలింది. బొంత కోసం కుట్టిన ముక్కల్లో అన్నీ పొందికగా ఉంటే, ఒకదాంట్లో మాత్రం కుట్లు ఎటుపడితే అటు పోయాయి. మిసెస్ హేల్ ఆ వంకర కుట్లు లాగేసి, సూదిలో దారం ఎక్కించి మళ్లీ కుట్టడం మొదలుపెడుతుంది. నేను మళ్లీ మళ్లీ చదువుకునే చోటు ఇదే. సాక్ష్యం దాచాలని ఆమె ఇంకా అనుకోలేదు, చెయ్యి ముందే ఆ పని చేసేసింది. మొదటి ప్రదర్శనలో ఆ పాత్ర వేసింది గ్లాస్పెలే.

తర్వాత తలుపు విరిగిన పంజరం దొరుకుతుంది. కుట్టుపని బుట్టలో, అందమైన పెట్టెలో, పట్టుగుడ్డ చుట్టిన కెనరీ పిట్ట. మెడ విరిచేశారు. భర్త చచ్చిపోయింది కూడా మెడకు తాడు బిగిసే. అసలు కేసులోని గొడ్డలి నాటికలో తాడుగా మారింది ఇందుకేనని నా నమ్మకం. విలేకరి చేతిలోని సంగతి రచయిత్రి చేతికి వచ్చింది ఆ మార్పుతోనే. మినీ రంగం మీదికి వచ్చి ఉంటే ఆమె ముఖాన్నీ కన్నీళ్లనీ చూసి మనమూ తీర్పు చెప్పేసేవాళ్లం. కోర్టులో మార్గరెట్‌కు జరిగింది అదే.

కనబడని స్త్రీ చుట్టూ నాటకం అల్లడం గ్లాస్పెల్ మళ్లీ మళ్లీ చేసింది. 1919లో ‘బెర్నీస్’, ఆ తర్వాత ‘ఆలిసన్స్ హౌస్’. కవయిత్రి ఎమిలీ డికిన్సన్ జీవితం ఆధారంగా రాసిన ఈ రెండోదానికి 1931లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నాకు మాత్రం అందులో మాటలు ఎక్కువనిపిస్తాయి. ఆ వంకర కుట్టు లాంటిది ఒక్కటీ లేదు. 1948లో ఆమె పోయాక చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1970లలో స్త్రీవాద విమర్శకులు పూనుకుని మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

‘ట్రైఫిల్స్’నే ఆమె 1917లో ‘ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్’ అనే కథగా తిరగరాసింది. కథలో మిసెస్ హేల్ మనసులోని మాటలన్నీ తెలుస్తాయి. గొప్ప కథే. అయినా నాటికే నాకెక్కువ ఇష్టం. అక్కడ మనసు చెప్పడానికి నటికి సూదీ దారమే ఉన్నాయి. నాటకం రాస్తున్న పిల్లలెవరైనా అడిగితే, ఆ కుట్లు విప్పే ఘట్టాన్ని కథలోనూ నాటికలోనూ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను.