పది ఓముల లెక్క

గేమింగ్ హెడ్‌ఫోన్‌కి విడిగా సౌండ్ కార్డు ఎందుకని అడిగేవాళ్ళకి నేను చూపించేది ఒక పాత కార్డు. ఆసుస్ కంపెనీ 2009లో తెచ్చిన జోనార్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు దొరికితే సెకండ్‌హ్యాండ్‌లోనే. అయినా హెడ్‌ఫోన్‌ని దృష్టిలో పెట్టుకుని కార్డు కట్టడం ఎలా ఉంటుందో అందులో చూసినంత స్పష్టంగా మరోచోట కనపడదు.

అది వచ్చిన సమయం కూడా గమనించాలి. 2007లో విండోస్ విస్టా రాగానే, ఆటల్లో శబ్దాన్ని కార్డులోని చిప్ చేత లెక్క కట్టించే పాత దారి మూసుకుపోయింది. ఆ పని ప్రాసెసర్ మీదికి వెళ్ళింది. అంతవరకూ కార్డులు గొప్పగా చెప్పుకున్న హంగులకి విలువ తగ్గింది. ఇక కార్డు తన పనితనం చూపించగల చోటు ఒక్కటే మిగిలింది: అంకెలు కరెంటుగా మారి చెవి దాకా వెళ్ళే ఆ చివరి మెట్టు.

ఎస్‌టీఎక్స్ స్లాట్‌లో కూర్చున్నా స్లాట్ ఇచ్చే కరెంటుతో సరిపెట్టుకోదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి నాలుగు పిన్నుల మోలెక్స్ వైరు విడిగా తగిలించాలి. గ్రాఫిక్స్ కార్డు ఊపందుకున్నప్పుడు, మౌస్ కదిపినప్పుడు చెవిలో సన్నగా గీకినట్టు వినపడే సొద చాలావరకు బోర్డు మీది కరెంటు దారుల్లోంచి, గ్రౌండ్‌లోంచి వచ్చేదే. అందుకే కరెంటుకి వేరే దారి. అనలాగ్ భాగం మొత్తానికీ పైన రేకు మూత.

ఆ మూత విప్పితే అసలు ముచ్చట. లోపలి పీసీఎం1792ఏ అనే చిప్ అంకెల్ని వోల్టేజీగా ఇవ్వదు, కరెంటుగా ఇస్తుంది. దాన్ని వోల్టేజీ చెయ్యడానికి రెండు జేఆర్‌సీ 2114 ఆప్-ఆంప్ చిప్‌లు, వాటి తరవాత లైన్ అవుట్ కోసం ఒక ఎల్‌ఎం4562. మూడింటినీ బోర్డుకి టంకం వేసి బిగించెయ్యకుండా సాకెట్లలో పెట్టారు. నచ్చకపోతే పీకి వేరేవి పెట్టుకోవచ్చు. వాటిని మారిస్తే స్వర్గం దిగొస్తుందనేవాళ్ళ మాట నేను నమ్మను. కానీ కొన్నవాడి చేతిని లోపలికి రానిచ్చిన ఆ ఉదారత నాకిష్టం. ఇంకో చిన్న సంగతి రిలే. కంప్యూటర్ లేచాక డ్రైవర్ నిలదొక్కుకునేదాకా ఆగి, టక్‌మని చప్పుడు చేసి అప్పుడు దారి తెరుస్తుంది. స్విచ్ వేసినప్పుడు చెవిలో ధడేల్‌మనకుండా కాపాడేది అదే.

హెడ్‌ఫోన్‌ని నడిపేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ6120ఏ2. మంచి బలమున్న చిప్. అయితే తీగ పొడుగు వల్ల నిలకడ తప్పకుండా దాని అవుట్‌పుట్ దగ్గర పది ఓముల రెసిస్టర్ పెట్టమని తయారుచేసినవాళ్ళే చెప్పారు. ఆసుస్ ఇంజనీర్లు ఆ మాట పాటించారు. ఈ కార్డు ఎవరికి నప్పుతుందో, ఎవరికి నప్పదో తేల్చేది ఆ పది ఓములే.

కార్డు ఓములకి కనీసం ఎనిమిది రెట్లు హెడ్‌ఫోన్ ఓములుండాలని వాడుకలో ఒక లెక్క. అంటే ఇక్కడ 80. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓములది తగిలిస్తే పది ఓముల ఊసే తెలియదు. 32 ఓముల గేమింగ్ హెడ్‌సెట్ సంగతి వేరు. చాలా హెడ్‌ఫోన్లలో ఆ 32 అన్ని స్వరాలకీ ఒకేలా ఉండదు. బాస్ దగ్గర 64కి లేచిందనుకోండి, అక్కడ దానికి అందే వోల్టేజీ 76 శాతం నుంచి 86 శాతానికి పెరుగుతుంది. బాస్ ఒక డెసిబెల్ పైచిలుకు ఉబ్బుతుంది. బాంబు పేలుడు నిండుగా ఉంటుంది కానీ, దాని వెనక వచ్చే అడుగుల చప్పుడు ఆ మేరకు మరుగునపడుతుంది.

బలం సంగతీ అంతే. డీటీ 990 ప్రోకి 96 డెసిబెల్స్ రావాలంటే అర వోల్టు చాలు. 110 డెసిబెల్స్ శిఖరాలు అందుకోవాలంటే రెండున్నర వోల్టులు కావాలి. మామూలు మదర్‌బోర్డు జాక్ తరచుగా ఒకటి, రెండు వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. ఎస్‌టీఎక్స్ డ్రైవర్‌లో అందుకే మూడు గెయిన్ మెట్లున్నాయి. 64 ఓముల లోపు వాటికి అడుగు మెట్టు, 64 నుంచి 300 దాకా మధ్యది, ఆ పైన 600 దాకా పైది. 32 ఓముల హెడ్‌సెట్‌కి పై మెట్టు పెట్టడం పూలకుండీకి బోరు పైపు తిప్పడమే.

అమర్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి వీలైనంత దూరం స్లాట్ చూడండి. మదర్‌బోర్డు సౌండ్‌ని బయోస్‌లో ఆపెయ్యండి. క్యాబినెట్ ముందున్న జాక్ వాడకండి. ఆ తీగ లోపలి గందరగోళమంతా దాటుకుని వస్తుంది కనక రేకు మూత కట్టిన ప్రయోజనం పోతుంది. విండోస్‌లో 48 కిలోహెర్ట్జ్ చాలు, ఆటల శబ్దం ఎక్కువగా అందులోనే తయారవుతుంది.

చాలామంది బోల్తా పడేది సరౌండ్ దగ్గర. ఆట ఎనిమిది చానళ్ళు ఇస్తే డ్రైవర్‌లోని డాల్బీ హెడ్‌ఫోన్ వాటిని రెండు చెవులకీ పంచుతుంది. అది బాగానే ఉంటుంది. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి మాత్రం దిక్కుల లెక్క తామే చేసుకోగలవు. వాటికి స్టీరియో పెట్టి డాల్బీ ఆపాలి. రెండూ కలిస్తే శత్రువు కుడివైపున్నాడో వెనకున్నాడో తెలియకుండా పోతుంది.

ఇవాళ కొత్తది కొనాలంటే క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్‌ఎక్స్ జీ6 లాంటివి యూఎస్‌బీ మీద క్యాబినెట్ బయటే కూర్చుంటాయి. జీ6 హెడ్‌ఫోన్ జాక్ దగ్గర అడ్డు ఒక్క ఓమే, తక్కువ ఓముల హెడ్‌సెట్లకి అదే మేలు. ఏది కొన్నా ముందు మీ హెడ్‌ఫోన్ ఎన్ని ఓములో, కార్డు అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే జాక్ దగ్గరి అడ్డు, ఎంతో చూసుకోండి. 32 ఓముల హెడ్‌సెట్ ఉండి, మదర్‌బోర్డు జాక్‌లో సొద లేకపోతే మీకు కార్డు అక్కర్లేదు. ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టండి.